తోడు

బొమ్మనహళ్ళిలో, జెరాక్సు అంగడి పైన గది.
అద్దె ఏడున్నర వేలు, నలుగురం పంచుకుంటాం.
కిటికీ తెరిస్తే హోసూరు రోడ్డు మొత్తం లోపలికొస్తుంది,
మూస్తే ఫ్యాను సణుగుడు.

మేం చేస్తున్నది పెద్దదేం కాదు:
చొక్కా మీది గీతల పట్టీకి ఫోను చూపిస్తే
దాన్ని కుట్టిన చోట తాగే నీళ్ళున్నాయో లేదో చెప్పాలి.
పద్నాలుగు నెలలైంది.
ఇంకా చొక్కాల దగ్గరే ఉన్నాం. సబ్బులు, టీపొడి తర్వాత.

ఆ ఆదివారం తేల్చాల్సింది ఒక్కటే, లైసెన్సు.
ఊరికే ఇచ్చేదానికి ఇన్ని కాగితాలా అని
అడిగాను మొదట. సిగ్గుపడ్డాను తర్వాత.

శశిధర అన్నాడు: గేటు తీసి పెడదాం,
ఎవరైనా తీసుకోనీ, ఏమైనా చేసుకోనీ,
పేరొక్కటి చెరపకుంటే చాలు.
బిజు ఒప్పుకోలేదు.
రేపు ఆ కంపెనీయే వస్తుంది, మన లెక్కలు పట్టుకెళ్ళి
నచ్చనివి ఏరేసి, పైన ఆకుపచ్చ ముద్ర కొట్టి
మనకే అమ్ముతుంది, అప్పుడేం చేస్తావు?
'చెడ్డ పనికి వాడరాదు' అని ఒక వాక్యం రాయమన్నాడు.
చెడ్డ అంటే? అన్నాను.
ఆ ఒక్క మాట దగ్గర మధ్యాహ్నం రెండయింది.
చిత్రాన్నం చల్లారింది.

పైగా ప్రోగ్రాముకు ఒక చట్టం, సమాచారానికి మరొకటి.
రాసిన తీరుకే హక్కుందట, నిజానికి లేదట.
'షిఫ్టులో రెండుసార్లే బాత్రూముకు':
దీనికి సొంతదారు ఎవరూ లేరు.
అది చదివి కాసేపు
ఎవరి చేతులు వాళ్ళం చూసుకున్నాం.

చౌడమ్మ అప్పుడొచ్చింది, ఓవర్‌టైం దిగి.
మదనపల్లె వైపు మనిషి, పదహారేళ్ళుగా కాలర్లు.
రెండుసార్లే అన్న ఆ వాక్యం ఆమెదే.
మా తగువు తెలుగులో చెప్పాను, వచ్చినంత.
విని, చెప్పులు విప్పకుండానే గడపలో కూచుని
"ఇంతేనా? పెరుగుకు తోడు మాదిరి కదప్పా" అంది.
"మా వరసలో తోడుకు వస్తే లేదనం.
ఆయమ్మ పాలు, ఆయమ్మ గిన్నె, ఆ పెరుగు ఆయమ్మదే.
రేపు ఇంకోరు గిన్నె పట్టుకోని పోతే
ఆయమ్మ కూడా లేదనకూడదు, అంతే.
తోడు తీస్కపోయి తలుపేసుకునేదానికి
మళ్ళా ఎవురూ పొయ్యరు."

శశిధర తెర మీద ముప్పై పేజీలు కిందికి తోసి చూశాడు.
అదే ఉంది. ఇంత రుచిగా లేదు.

"దీపం పెట్టినాక మాత్రం ఇయ్యకూడదు" అని కూడా అంది.
దానికి మా దగ్గర నిబంధన దొరకలేదు.

పని అయిపోయిందనుకున్నాం.
బిజు హుషారుగా చివరి ఫైలు తెరిచాడు, ఇచ్చినవాళ్ళ పేర్లది.
చెరపరాదు, కాపీ కాపీకీ వెంట నడవాలి.
'చౌడ' దాకా కొట్టాడు,
ఆమె లేచి నిలబడింది.
"నా పేరా? ఎంతమంది కండ్లకు?"
అందరి కళ్ళకూ, ఎప్పటికీ.
పొద్దున్నుంచీ మేం గొప్పగా చెప్పుకుంటున్న మాట అది.
సోమవారం గేటు దగ్గర
కార్డు పట్టుకుని నిలబడాల్సింది ఆమె.

బిజు వేలు వెనక్కి నడిచింది, ఒక్కో అక్షరం.

"సంఘం పేరు పెట్టుకోండి" అంది. తర్వాత ఏమనుకుందో,
నా వెనక్కొచ్చి కాలరు ఎత్తి
గోటితో అంగుళం కొలిచింది.
"ఇది మాది కాదు. పీణ్యలో కుట్టిండేది.
మేము పదమూడేస్తాం, వాళ్ళు పదకొండు.
పేరు లేకపోతే ఏమి?
ఎవురి కుట్టో తెలిసేవాళ్ళకు తెలిసిపోతాది."

వీధి దీపాలు వెలగకముందే
మొత్తం అందరికీ తెరిచాం, తోడు షరతు మీద.
మొదట చూసింది నా చొక్కానే.
ఊరు: పీణ్య.
నీళ్ళు: ఇంకా తెలియదు.